గుడి, చర్చి, మసీదు చూపించే స్కూలు టూరుకి తల్లిదండ్రులు వద్దంటే ఏం చేయాలి?

టీచర్ గారూ,

మీరు రాసింది ముందు ఒకసారి చెప్పుకుందాం, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. ఒడిశాలోని బరంపురంలో ఏడో తరగతి, 42 మంది పిల్లలు. ఒకే రోజు జౌగడ అశోక శాసనం, తారాతారిణి గుడి, జిరంగ్ బౌద్ధ విహారం, తిరిగొచ్చేటప్పుడు ఊళ్లో ఒక చర్చి, ఒక మసీదు చూపించాలనుకున్నారు. చీటీ ఇంటికి పంపాక తొమ్మిది ఇళ్ల నుంచి వద్దని కబురొచ్చింది. కొందరు క్రైస్తవులు గుడికి వద్దన్నారు. కొందరు హిందువులు చర్చికీ మసీదుకీ వద్దన్నారు. ఇద్దరు అసలు కారణమే చెప్పలేదు. స్కూలు కమిటీ మీటింగులో ఒకాయన మొత్తం మానేయమన్నాడు. హెచ్‌ఎం గారు నిర్ణయం మీకే వదిలేశారు. మానేయాలా, వద్దన్నవాళ్లని ఒప్పించాలా అని అడిగారు.

మానేయకండి. ఒప్పించే పని కూడా పెట్టుకోకండి. వద్దన్నవాళ్లలో ఎక్కువమందికి పిల్ల చూడ్డం మీద అభ్యంతరం ఉండదు, అక్కడ పిల్ల చేత ఏం చేయిస్తారోనన్నదే వాళ్ల భయం. గుడి గోడ మీద శిల్పం చూస్తే బాధ లేదు, నుదుట కుంకం పడితే బాధ. చర్చిలో బల్లల వరస చూస్తే బాధ లేదు, మోకాళ్ల మీద కూర్చోబెట్టి నెత్తిన చెయ్యి పెడితే బాధ. మీ చీటీలో ‘ప్రార్థనా స్థలాల సందర్శన’ అని మూడు మాటలు రాసి వదిలేశారు. ఆ మూడు మాటల్లో తల్లిదండ్రులకి దండం, తీర్థం, హుండీ, ప్రార్థన అన్నీ వినిపించాయి. ముందు మార్చాల్సింది ఆ చీటీని.

చట్టం సంగతి కాస్త తెలుసుకుని ఉండండి. వాదించడానికి కాదు, మీరు తప్పటడుగు వేయకుండా ఉండడానికి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ చేయకూడదు. అదే అధికరణం మూడో ఖండం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో గాని, ఎయిడ్ తీసుకునే బడిలో గాని, గార్డియన్ ఒప్పుకోకుండా పిల్లని మతబోధకీ, బడిలోనో బడికి ఆనుకున్న ఆవరణలోనో జరిగే ఆరాధనకీ రమ్మని బలవంతపెట్టకూడదు. గుర్తింపు ఉంటే చాలు, ప్రైవేటు బడికీ, మిషన్ బడికీ ఇది వర్తిస్తుంది. అక్షరాలా చూస్తే ఈ ఖండం బడి ఆవరణ గురించే మాట్లాడుతుంది, పురుషోత్తంపూర్ దగ్గరి తారాతారిణి కొండ గురించి కాదు. ఆ సందు దొరికింది కదా అని దాన్ని పట్టుకోకండి. 25వ అధికరణంలోని అంతరాత్మ స్వేచ్ఛ బడి గేటు దగ్గర ఆగిపోదు.

ఇక రెండో వైపు. మతాల గురించి చెప్పడం వేరు, మతాన్ని నేర్పడం వేరు అని 1964–66 నాటి కొఠారీ విద్యా కమిషన్ అప్పుడే విడదీసి చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువుకోవడం 28వ అధికరణం వద్దన్న మతబోధ కిందికి రాదంది. కాబట్టి మీ టూరులో తప్పేమీ లేదు. కమిటీలో ఎవరైనా ‘చట్టవిరుద్ధం’ అంటే ఈ రెండూ చెప్పండి, అంతకుమించి లాగొద్దు.

ఇంకొక తీర్పు మీ టీచర్లందరికీ తెలియాలి. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో ముగ్గురు పిల్లలు జనగణమన వస్తున్నప్పుడు లేచి నిలబడ్డారు గాని, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి వాళ్లని తీసేసింది, సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. మర్యాదగా నిలబడి మౌనంగా ఉండడం అగౌరవం కాదని అక్కడ తేలింది. గుళ్లో దండం పెట్టకుండా నిలబడ్డ పిల్లని ‘పెట్టు పెట్టు’ అని మోచేత్తో పొడిచే టీచరుకి ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. నలుగురిలో అలా పొడవడం ఆ గీతకి చాలా దగ్గరగా వెళ్తుంది.

ఒడిశాలో అదనంగా ఒకటుంది. బలవంతంగా, ఆశ చూపి, మోసంతో మతం మార్చడం మీద 1967లో చట్టం చేశారు, దేశంలో ఇలాంటి చట్టాల్లో ఇది మొదటి తరానిది. మారినవాళ్లు మైనర్లయితే శిక్ష ఎక్కువ. స్కూలు టూరు మతమార్పిడి కాదు, ఆ భయం అక్కర్లేదు. కానీ చర్చిలో ఎవరో ప్రేమగా పిల్లలందరికీ చిన్న పుస్తకం, చాక్లెట్టు, పెన్ను పంచారనుకోండి, ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే కథ వేరుగా ఉంటుంది. పంచినవాళ్లకీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది. అందుకే ఎక్కడా పిల్లల చేతికి ఏమీ ఇవ్వొద్దని వెళ్లేముందే చెప్పాలి. ఇది ఒక్క చర్చికే కాదు, గుడికీ విహారానికీ కూడా.

ఈ జిల్లాల్లో భయానికి ఒక చరిత్ర ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. పక్కనే కంధమాల్. 2008 నాటి మత అల్లర్లు గుర్తున్న ఇళ్లు గంజాం, గజపతి, రాయగడలో చాలానే ఉన్నాయి. గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం మూడో వంతుకి పైగా క్రైస్తవులు. ఒక క్రైస్తవ తల్లి ‘గుడికి వద్దు’ అంటే సిద్ధాంతం కన్నా ముందు, గుంపులో తన పిల్లని ఎవరైనా వేలెత్తి చూపిస్తారేమోనన్న బెరుకు ఉండొచ్చు. ఒక హిందూ తండ్రి ‘చర్చికి వద్దు’ అంటే పిల్లాడు చేజారిపోతాడేమోనన్న భయం ఉండొచ్చు. రెండు భయాలకీ మందు ఒకటే. అక్కడ ఏం జరుగుతుందో, ఏం జరగదో ముందే రాసి ఇవ్వడం, రాసినట్టే జరపడం.

ఇప్పుడు మీ దారి చూద్దాం. మీ ప్లానులో పెద్ద లోపం ఇక్కడుంది. తారాతారిణి, జౌగడ రెండూ పురుషోత్తంపూర్ దగ్గరే, రుషికుల్య ఒడ్డున, కాబట్టి ఒక రోజుకి సరిపోతాయి. జిరంగ్ పూర్తిగా వేరే దిక్కు, దిగపహండి మీదుగా తప్తపాణి ఘాట్ ఎక్కి మోహనా వైపు వెళ్లాలి. ఘాట్‌లో పిల్లలకి వాంతులవుతాయి, బండి నెమ్మదిగా ఎక్కుతుంది. రెండు దిక్కులూ ఒకే రోజు పెట్టుకుంటే ప్రతి చోటా పావుగంటే మిగులుతుంది. ఆ పావుగంటలో చెప్పులు విప్పడం, లైనులో నిలబడడం, దండం పెట్టడం, ప్రసాదం తీసుకోవడం తప్ప ఇంకేమీ జరగదు. అంటే హడావిడి మీ టూరుని తనంతట తానే తీర్థయాత్రగా మార్చేస్తుంది. అందుకని మూడు భాగాలు చేయండి. జౌగడ, తారాతారిణి ఒక రోజు. ఊళ్లోని చర్చి, మసీదు, బుఢీ ఠాకురాణి గుడి ఇంకో రోజు, ఒక్క పూటలో. జిరంగ్ విడిగా, వీలైతే వచ్చే టర్ములో.

మొదలు జౌగడతో పెట్టండి. అక్కడ పూజ లేదు, రాతి మీద బ్రాహ్మీ లిపిలో రాజు మాట ఉంది. 42 మందీ రావచ్చు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైగా మీ పాఠానికి ప్రాణం అక్కడే ఉంది. అక్కడ చాలామంది టీచర్లు ఒక తప్పు చెప్తారు, మీరు చెప్పకండి. కళింగ యుద్ధం గురించిన 13వ శాసనం, పరమతాన్ని గౌరవించమన్న 12వ శాసనం జౌగడలో లేవు. భువనేశ్వర్ దగ్గరి ధౌలి శాసనంలోనూ లేవు. అశోకుడు గెలిచిన నేల మీద 11, 12, 13 శాసనాలు చెక్కించకుండా, వాటి బదులు కళింగకే ప్రత్యేకంగా రెండు శాసనాలు వేయించాడు. కానీ ఏడో శాసనం జౌగడలో ఉంది. అన్ని మతాలవాళ్లూ అన్నిచోట్లా నివసించవచ్చు, అందరూ కోరేది నిగ్రహం, మనశ్శుద్ధి అన్నది దాని సారం. పిల్లలకి ఆ రాయి ముందు నిలబెట్టి చెప్పాల్సింది ఇదే. మిగతా రోజుల టూరుకి ఇంతకన్నా మంచి ముందుమాట ఉండదు.

తారాతారిణికి చైత్రమాసంలో, ముఖ్యంగా మంగళవారాల్లో వెళ్లకండి, కొండంతా జనమే. కింద నుంచి 999 మెట్లు, రోప్‌వే కూడా ఉంది. మెట్లు ఎక్కించాలనుకుంటే పొద్దున్నే మొదలుపెట్టాలి, రాయి కాలాక ఉత్త కాళ్లతో నడవలేరు. మసీదుకి శుక్రవారం వద్దు, మిగతా రోజుల్లో పొద్దున పది, పదకొండు గంటల మధ్య వెళ్లండి. తెల్లవారుజాము ఫజర్‌కీ మధ్యాహ్నం జొహర్‌కీ మధ్య జమాత్ నమాజు, అంటే అందరూ కలిసి చేసే నమాజు ఉండదు, ఇమాం గారికీ మాట్లాడే తీరిక దొరుకుతుంది. చర్చికి ఆదివారం కాకుండా పనిదినం. గుడికి అభిషేకం, హారతి వేళలు వదిలేసి మధ్యలో. ఆరాధన జరుగుతున్నప్పుడు వెళ్తే పిల్లలు అందులో పాల్గొన్నట్టే అవుతుంది. జరగని వేళ వెళ్తే అది చూడ్డం అవుతుంది. తల్లిదండ్రులకి ఈ వేళల తేడా చెప్తే సగం పని అయిపోతుంది.

వెళ్లే ముందు ఇద్దరు టీచర్లు, వీలైతే ఒకరు ఆడటీచరు, ప్రతి చోటికీ ఒకసారి వెళ్లి చూసి రావాలి. ఫోన్లో అడిగితే ‘రండి రండి’ అంటారు తప్ప వివరాలు రావు. అక్కడ అడగాల్సినవి పిల్ల ఒంటి మీద వేలు పెట్టి లెక్కపెట్టినట్టు అడగండి, ఏదీ మర్చిపోరు. కాళ్లు: చెప్పులు ఎక్కడ విప్పాలి, కాళ్లు కడుక్కోవాలా. తల: కప్పుకోవాలా, మగపిల్లలకి కూడానా. నుదురు: బొట్టు, విభూతి, తడి వేలు ఏదైనా పెడతారా. చేతులు: దారం కడతారా, పువ్వు ఇస్తారా, దీపం వెలిగించమంటారా, విహారంలో ప్రార్థన చక్రం తిప్పమంటారా. నోరు: తీర్థం, ప్రసాదం, పాట, మంత్రం, ‘ఆమెన్’ అనిపించడం. జేబు: హుండీ, చందా. ఇవన్నీ పెట్టకుండా, ఇవ్వకుండా, చేయించకుండా ఉండగలరా అని మర్యాదగా అడగండి. పూజారి గారు, ఫాదర్ గారు, ఇమాం గారు చాలావరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అది పిల్లల్ని తీసుకెళ్లే చోటు కాదు, ఇంకో గుడో ఇంకో చర్చో చూసుకోండి.

గుళ్లో ఒక ప్రమాదం ప్రత్యేకంగా చూసుకోవాలి. పూజారి అలవాటు కొద్దీ ‘ఏ గోత్రం బాబూ?’ అంటారు. గోత్రం తెలియని పిల్ల, చెప్పకూడదనుకునే పిల్ల అందరి ముందూ తలదించుకుంటుంది. దళిత కుటుంబాల్లో కొందరు కారణం చెప్పకుండా ‘మా వాణ్ణి పంపం’ అనడానికి వెనక ఈ జ్ఞాపకం ఉండే అవకాశం ఎక్కువ. పిల్లల పేరున అర్చన లేదు, గోత్రాలు అడగొద్దు అని ముందే చెప్పేయండి, చీటీలోనూ రాయండి.

కారణం చెప్పని ఆ ఇద్దరి విషయంలో తొందరపడకండి. మన ఇళ్లలో నోటితో చెప్పని కారణాలు చాలా ఉంటాయి. ఇంట్లో పురిటి మైల, చావు మైల. ఏడాదిలోపు పెద్దకర్మ జరిగి కొండ గుళ్లకి వెళ్లకూడదన్న పట్టింపు. అమ్మాయి నెలసరి రోజులు ఆ తారీఖుకే పడతాయని తల్లి లెక్క. అయ్యప్ప మాల వేసుకున్న అన్నయ్య ఉన్న ఇల్లు. ఇవి స్కూలుకి రాసి ఇవ్వాల్సిన సంగతులు కావు. అందుకే చీటీలో ‘కారణం’ అన్న గడి పెట్టొద్దు. ఆ గడి పెట్టిన చోటే ఇంట్లో సొంత విషయం క్లాసు మొత్తానికి తెలిసిపోతుంది, లేదా అబద్ధం రాయాల్సి వస్తుంది.

చీటీ ఇలా రాయొచ్చు, మీకు తగ్గట్టు మార్చుకోండి:

“ఏడో తరగతి తల్లిదండ్రులకు నమస్కారం. చరిత్ర పాఠంలో భాగంగా ఫలానా తేదీ, ఫలానా వారం పిల్లల్ని జౌగడ శాసనం, తారాతారిణి గుడి చూపించడానికి తీసుకెళ్తున్నాం. ఇది పూజ కోసం వెళ్లే యాత్ర కాదు. పిల్లల చేత దండం పెట్టించం, పాట పాడించం, ప్రార్థన చేయించం. బొట్టు, తీర్థం, ప్రసాదం, దారం, పుస్తకం, కానుక ఏదీ ఇప్పించం. గోత్రం, కులం అడగనివ్వం. హుండీలో డబ్బు వేయించం. లోపల పిల్లల ఫొటోలు తీయం. గుళ్లో చెప్పులు మాత్రం విప్పాలి. లోపలికి వెళ్లని పిల్లలు బయట టీచరు దగ్గర ఉండి బొమ్మ గీసే పని చేస్తారు, దానికి అందరితో సమానంగా విలువ ఉంటుంది. కింద ఒకదాని మీద టిక్కు పెట్టండి. కారణం రాయనక్కర్లేదు. ఒకటి: పంపుతాం. రెండు: పంపుతాం గాని లోపలికి వద్దు. మూడు: పంపం, ఆ రోజు బడికి పంపుతాం. ఈ చీటీ తిరిగి రాకపోతే పంపనట్టుగానే లెక్క.”

ఆ రెండో గడి చాలా ముఖ్యం. మీ పాత చీటీలో ‘అవును, కాదు’ రెండే ఉన్నాయి, అందుకే తొమ్మిది ‘కాదు’లు వచ్చాయి. మధ్యలో ఒక మెట్టు పెడితే వాటిలో ఎక్కువ దాని మీదికి దిగుతాయి. చివరి వాక్యాన్ని కూడా తీసేయకండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని లెక్కవేసి తీసుకెళ్లడమే చాలా గొడవలకి మూలం. చీటీ తెలుగులోనూ ఒడియాలోనూ ఇవ్వండి. ఒక ఇంట్లో అమ్మకి తెలుగు, నాన్నకి ఒడియా చదవడం వచ్చిన కుటుంబాలు బరంపురంలో మామూలే. చదవడం రానివాళ్లకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోండి. హాస్టలు పిల్లలుంటే వార్డెన్ సంతకంతో సరిపెట్టొద్దు, సెలవుకి ఇంటికి వెళ్లి వచ్చేదాకా ఆగండి. గిరిజన పిల్లల్ని ‘హిందూ’ గడిలో వేసేసి గుడికి వాళ్లకి అడ్డేముందిలే అనుకోవడం కూడా తప్పు. సౌర (సవర) గిరిజనుల ఇళ్ల గోడల మీది ఇడితాల్ బొమ్మలు వాళ్ల పూజకి సంబంధించినవి, అలంకారాలు కావు. ఆ తల్లిదండ్రులకీ ఇదే చీటీ, ఇదే ఎంపిక. టూరుకి మూడు వారాల ముందు చీటీ ఇంటికి చేరాలి, తిరిగి ఇవ్వడానికి పది రోజులు గడువు.

ఈ చీటీ తర్వాత కూడా వద్దంటే వద్దే. ఒక్కసారి విడిగా మాట్లాడొచ్చు, సమ్మతి కోసం కాదు, వాళ్ల భయం దేని మీదో తెలుసుకుని ఏర్పాటు మార్చడానికి. కమిటీ మీటింగులో, పదిమంది ముందు అడగకండి. అక్కడ ఎవరూ మెత్తబడరు. సాయంత్రం పని నుంచి వచ్చాక ఫోను చేయండి, లేదా బడి వదిలే వేళకి రమ్మనండి. ‘మీకు ఏ పని వద్దు, అది చెప్పండి’ అని అడిగితే జవాబొస్తుంది. ‘ఎందుకు వద్దు?’ అని అడిగితే గోడ లేస్తుంది. ‘విగ్రహం ముందుకి మా పిల్ల వెళ్లకూడదు’ అంటే ‘సరేనమ్మా, ప్రాకారం దగ్గర ఫలానా టీచరు గారితో ఉంటుంది’ అనండి. దేవుడొక్కడే, అన్ని దారులూ ఒకటే అని బోధించకండి. అది మీ నమ్మకం కావచ్చు, ఎదుటివాళ్లది కాకపోవచ్చు, అలా చెప్పడం కూడా ఒక రకం మతబోధే. కావాలంటే ఒకరిద్దరు తల్లిదండ్రుల్ని తోడు రమ్మనండి. వద్దన్న వర్గం నుంచే ఒకరు వస్తే ఇంకా మంచిది, వాళ్లు చూసింది మిగతా ఇళ్లకి వాళ్లే చెప్తారు.

మొత్తం మానేయమన్న ఆయన సంగతి. ఆయన పిల్ల మీ క్లాసులో ఉంటే, ఆ పిల్లని పంపకుండా ఉండే హక్కు ఆయనకి పూర్తిగా ఉంది. మిగతా 41 మందిని ఆపే హక్కు లేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. కాబట్టి ప్లాను, చీటీ, దారి, ఖర్చు కాగితం మీద పెట్టి మీటింగులో చదివి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఒకరి గొంతు పెద్దదైనంత మాత్రాన అది కమిటీ తీర్మానం అయిపోదు. క్లాసుతో సంబంధం లేనివాళ్లు వచ్చి ఒత్తిడి పెడితే హెచ్‌ఎం గారే మాట్లాడాలి, మీరు కాదు. బ్లాక్ విద్యాధికారికి ప్లాను కాపీ ముందే పంపి అనుమతి తీసుకుని ఉంటే ఆ మాట అక్కడితో ఆగుతుంది. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఎవరికీ జవాబు రాయకండి.

నేను గట్టిగా పట్టుబట్టే మాట ఒకటుంది. అభ్యంతరాలు ఎక్కువ వచ్చిన చోటు ఒక్కదాన్నే తీసేసి మిగతావి ఉంచకండి. మసీదుకి పదిమంది వద్దన్నారని మసీదు తీసేసి, గుడి, చర్చి ఉంచితే, ముస్లిం పిల్లకి మీరు నోరు విప్పకుండానే ఒక పాఠం చెప్పినట్టు. వెళ్తే అన్నిటికీ వెళ్లండి, కొందరు బయట ఉండిపోయినా సరే. కుదరదనుకుంటే గుడి, చర్చి, మసీదు, విహారం అన్నీ తీసేసి జౌగడ ఒక్కటే ఉంచండి.

దీనికి తోడు ఇంకో నియమం: క్లాసులో ఒక్క పిల్లకి తలుపు మూసే చోట ఎవరూ లోపలికి వెళ్లకూడదు. పూరీ జగన్నాథుడి గుళ్లోకి హిందువులు కానివాళ్లని రానివ్వరు, భువనేశ్వర్ లింగరాజ్‌లోనూ అంతే. అక్కడికి కలగలుపు క్లాసుని తీసుకెళ్తే సింహద్వారం దగ్గర మతాన్ని బట్టి పిల్లల్ని విడదీసే పని మీ చేతుల మీదే జరుగుతుంది. ఆ వైపు వెళ్లాలంటే కోణార్క్, ధౌలి, ఉదయగిరి గుహలు ఉన్నాయి, అక్కడ మతాన్ని బట్టి ఎవర్నీ ఆపరు. అలాగే మసీదులో ఆడపిల్లల్ని లోపలికి పంపే వీలుందా అని ముందు చూడ్డానికి వెళ్లినప్పుడే అడగండి. చోటుని బట్టి మారుతుంది. లేదంటే మగపిల్లల్ని మాత్రం పంపకండి, అందర్నీ వరండాలో కూర్చోబెట్టి అక్కడే మాట్లాడమని ఇమాం గారిని అడగండి. తల్లిదండ్రులు తమంతట తాము వద్దనడం వేరు, తలుపు వద్దనడం వేరు. మొదటిది గౌరవించాలి, రెండోది పిల్లల మీద పడనివ్వకూడదు.

డబ్బు బడిదో, అందరి దగ్గరా సమానంగా వసూలు చేసిందో అయి ఉండాలి. గుడి ట్రస్టు బస్సు పెడతానన్నా, చర్చి భోజనం పెడతానన్నా మర్యాదగా వద్దనండి. భోజనం బడి నుంచే పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లండి. అన్నదానం పంక్తిలో కూర్చోబెట్టడం సులువే గాని, ప్రసాదం పెట్టించబోమని రాసిచ్చిన మాట అక్కడ తప్పుతుంది.

ఆ రోజు యూనిఫారమే, ఇంకేమీ వద్దు. మెడలో సిలువ, తావీజు, మాల, తలమీద హిజాబ్ ఎవరివి వాళ్లకి ఉండనివ్వండి, తీయమని ఎక్కడా అనకండి. తల కప్పుకోవాల్సిన చోటికి ఆడపిల్లలకి చున్నీ, మగపిల్లలకి చేతిరుమాలు. చెప్పుల దగ్గర 42 జతలు కలిసిపోయి పావుగంట పోతుంది, అందుకని జత కలిపి కట్టి, అడుగున సుద్దముక్కతో రోల్ నంబరు రాసి, రెండు గోనెసంచుల్లో వేయండి. మేజోళ్లతో మెట్లు ఎక్కనివ్వకండి, జారతారు. 15 మందికి ఒక టీచరు చొప్పున ముగ్గురు, బయట ఉండేవాళ్ల కోసం విడిగా ఇంకొకరు, ఆ నాలుగో మనిషి ఆడటీచరైతే మంచిది.

బయట ఉండే పిల్లల ఏర్పాటు చాలా బడుల్లో పాడవుతుంది. వాళ్లని బస్సులో కూర్చోబెడతారు, లేదా చెప్పులకి కాపలా పెడతారు. రెండూ శిక్షలాగే కనిపిస్తాయి, వచ్చే ఏడాది ఆ ఇంటి నుంచి మూడో గడి మీదే టిక్కు పడుతుంది. నీడ, నీళ్లు, చేతికి పని ఉండాలి. గోపురం ఎత్తుని నీడ పొడవుతో లెక్కకట్టడం, మెట్ల కొలత, ఏ దిక్కుకి వాకిలి ఉందో పటం గీయడం, బయట బోర్డు ఎన్ని భాషల్లో ఉందో రాసుకోవడం. లోపలికి వెళ్లినవాళ్లకి మళ్లీ క్లాసులో వీళ్ల పటం అవసరమయ్యేలా పని కలపండి. అప్పుడు వీళ్లు మిగిలిపోయినవాళ్లలా కాక, సగం పని చేసినవాళ్లలా కనిపిస్తారు. ఇంట్లో ఒప్పుకున్నా గుమ్మం దగ్గర ‘నేను రాను టీచర్’ అనే పిల్ల కూడా ఉంటుంది. కారణం అడక్కుండా బయట జట్టులో కలపండి.

లోపల ముందు ఒక టీచరు నడవాలి. పూజారి చెయ్యి కుంకుమ పళ్లెం వైపు వెళ్తే ఆ టీచరే ‘పిల్లలకి వద్దండీ, అనుకున్నాం కదా’ అని చెప్పడానికి. ఇష్టంగా దండం పెట్టుకునే పిల్లని ఆపకండి, అది ఆ పిల్ల హక్కు. పక్కవాణ్ణి పెట్టమంటే మాత్రం ఆపండి. టీచర్ల ఫోన్లన్నీ లోపల సంచిలోనే. చర్చి బల్ల మీద చేతులు కట్టుకుని కూర్చున్న పిల్ల ఫొటో స్టేటస్‌లో పడితే, చేతులు కట్టుకున్నది ప్రార్థనకా, టీచరు కూర్చోమన్నందుకా అన్నది చూసేవాళ్లకి తెలియదు. మీరు రాసిచ్చిన చీటీ మొత్తం ఆ ఒక్క బొమ్మతో అబద్ధమైపోతుంది. బయట అందరూ కలిశాక ఒక గ్రూపు ఫొటో, అంతే.

మూడో గడి మీద టిక్కు పెట్టినవాళ్లకి ఆ రోజు బడి ఉండాలి, టీచరు ఉండాలి, హాజరు పడాలి. క్లాసుకి సెలవు ఇచ్చేస్తే ఆ పిల్లల్ని ఇంటికి పంపేసినట్టే.

మర్నాడు క్లాసులో ‘మీకు ఏది నచ్చింది?’ అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న నుంచి పోలిక, పోలిక నుంచి వెక్కిరింపు పుడతాయి. వాకిలి ఏ దిక్కుకి ఉంది, వెలుతురు ఎటునుంచి వస్తోంది, జనం కూర్చుంటారా నిలబడతారా, గంట, అజాన్, పాట వీటిలో మనుషుల్ని పిలవడానికి ఏది వాడతారు, నీళ్లు దేనికి వాడతారు, ఇవి అడగండి. పిల్లలు రాసిన ప్రశ్నల్లో మీకు తెలియనివి ఉంటే ఊహించి చెప్పకుండా, కాగితం మీద రాసి ఆ ఫాదర్ గారికో, ఇమాం గారికో, పూజారి గారికో పంపండి. జవాబులు వచ్చాక బయట జట్టు పిల్లల చేతే క్లాసుకి చదివించండి.